మంచు రోజున మూడో గంట తర్వాత

2023 నవంబరు నెల. రాజోలు దాటి కొంత దూరం పోయాక ఏటిగట్టు మీద మా లూథరన్ గుడి ఉంది. అందులో నేను బైబిల్ వుమన్‌గా చేరి అప్పటికి పద్నాలుగేళ్ళు. ఈ ఉద్యోగం ఏమిటో చాలామందికి తెలియదు. బాప్టిజం ఇవ్వడం, ప్రభురాత్రి భోజనం ఇవ్వడం పాస్టరుగారి పని. వాటి జోలికి మేం వెళ్ళకూడదు. ఇళ్ళకి వెళ్ళి ప్రార్థన చేయడం, మంచం పట్టినవాళ్ళ పక్కన కూర్చోవడం, చదువు రాని ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పడం, పెళ్ళి కుదిరిన ఇంటికీ చావు జరిగిన ఇంటికీ అందరికంటే ముందు చేరడం మా పని. గొడుగు, భుజానికి సంచీ, అరిగిన చెప్పులు మా పనిముట్లు.

మా పాస్టరుగారి కింద ఆరు సంఘాలు ఉన్నాయి. ఇలా ఒకే పాస్టరు చూసుకునే సంఘాలన్నిటినీ కలిపి పేరిష్ అంటారు. ఆయన మా గుడికి నెలలో మొదటి ఆదివారం మాత్రమే రాగలరు. మిగతా ఆదివారాలు సంఘపెద్దలూ నేనూ కలిసి నడిపిస్తాం.

నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలోనే. మంగళవారం ఇళ్ళ సందర్శన ముగించుకుని బస్సెక్కి వెళ్ళి, తలుపులు మూసే వేళ వరకూ చదివేదాన్ని. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో లైబ్రేరియన్‌గారికంటే ముందు నాకే గుర్తొచ్చేది. ఆరువందల యాభై ఎనిమిదో నంబరు అంటే నిర్వహణ శాస్త్రం. పని ఎలా పంచాలి, మనుషుల్ని ఎలా నడిపించాలి అని చెప్పే పుస్తకాలు ఆ అరలో ఉంటాయి. ఫ్యాక్టరీలవాళ్ళ కోసం, కంపెనీలవాళ్ళ కోసం రాసిన ఆ పుస్తకాల్ని నేను గుడి కోసం చదివాను. అందుకు నాకు ఇప్పటికీ గర్వమే. ఇప్పుడు చెప్పబోయే పొరపాటు కూడా ఆ చదువులోంచే పుట్టింది.

ఆ నవంబరులో మాకు కొత్త పాస్టరుగారు వచ్చారు. ప్రభుదాస్ అయ్యగారు. నలభై నిండని మనిషి, మెల్లగా మాట్లాడతారు. మొదటి కమిటీ సమావేశంలో ఆయన కుర్చీలో కూర్చోలేదు. గోదారి వైపు కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు బయటికి చూశారు. సాయంత్రపు ఎండకి నీళ్ళు రాగిరంగులో ఉన్నాయి. నీళ్ళకి అవతల కొబ్బరి తోట సన్నగా, ఎవరో కాటుక పెట్టినట్టు కనిపిస్తోంది.

"అదేం ఊరండీ?" అని అడిగారు.

"ఏటి మధ్య లంకండి," అన్నారు రత్నంగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మా సంఘ కార్యదర్శి. "మనవాళ్ళ ఇళ్ళు పదకొండున్నాయండి అక్కడ. గుడికి రావడం తగ్గించేసేరు. వచ్చినా ఆలస్యమే."

"ఎందుకనండీ?"

"బద్ధకమండి."

అయ్యగారు వెనక్కి తిరిగారు. "ఈ ఏడాదికి మనకి ఒకటే ఉద్దేశం పెట్టుకుందాం. లంకలో మనవాళ్ళందరూ ప్రతి ఆదివారం ఈ గుడిలో ఉండాలి. ఏ పని మొదలుపెట్టినా, ఇది వాళ్ళని దగ్గర చేస్తుందా దూరం చేస్తుందా అని అడుగుదాం. అయితే నేనొక్కణ్ణీ చేయలేనండీ. అందరం పంచుకోవాలి."

దీన్నే టీమ్ మినిస్ట్రీ అంటారు. పరిచర్య అంతా పాస్టరు నెత్తిన పెట్టకుండా సంఘంలో తలా ఒక బాధ్యత తీసుకోవడం. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. అర ముందు నిలబడి ఏళ్ళ తరబడి చదివింది చివరికి పనికొచ్చే రోజు వచ్చింది. పథకం నేనే రాసుకొస్తానని లేచి చెప్పాను.

రెండు వారాలు కూర్చుని రాశాను. ఇళ్ళు తిరిగే జట్టు, పాటల జట్టు, గుమ్మం దగ్గర పలకరించే జట్టు, సమయం చూసే జట్టు. ఒక రోస్టర్ కూడా గీశాను. రోస్టర్ అంటే ఏ ఆదివారం ఎవరు ఏ పని చేయాలో గళ్ళు గీసి రాసే వంతుల పట్టీ. ముప్పై రెండు పేర్లు అందులో ఉన్నాయి. అంతమందికి పని దొరికినందుకు అయ్యగారు సంతోషించారు. రత్నంగారు పట్టీని గుడి తలుపుకి అంటించి, ఎర్ర సిరాతో నా అక్షర దోషాలు రెండు దిద్దారు.

సమయం చూసే జట్టు ఎందుకంటే, చలికాలంలో మా ఆరాధన ఎప్పుడూ వేళకి మొదలయ్యేది కాదు. కారణం గంట. గుడి పక్కన రెండు ఇనప స్తంభాల మధ్య పాత గంట ఒకటి వేలాడుతుంది. ఏడింటికి మొదటి గంట, ఏడున్నరకి రెండోది, ఎనిమిదింటికి మూడోది కొట్టాలి. మూడో గంట కాగానే ఆరాధన మొదలవ్వాలి. ఆ గంట కొట్టే ఇశ్రాయేలు తాతగారు వయసులో ఉన్నప్పుడు కొబ్బరి ఒలుపు పని చేసేవాడు. అంబాజీపేట లారీలకి ఎక్కించే కాయల్ని, నేలలో పాతిన గునపం మీద గుచ్చి పీచు తీసే పని. ఇప్పుడు డెబ్భై దాటాయి, ఒక కంటికి పొర కమ్మింది. చలికాలం వచ్చిందంటే తాతగారు మూడో గంట కొట్టాక తాడు వదిలేవాడు కాదు. ఒక్కటి కొట్టి ఆగేవాడు. అందరం పాటల పుస్తకాలు తెరిచేసరికి మళ్ళీ ఒక్కటి. ఒక్కోసారి అరగంట అలాగే నడిచేది. గంట మోగుతుంటే ఆరాధన మొదలుపెట్టకూడదని మా ఆచారం. పెద్దలు వాచీలు చూసుకునేవారు.

"తాత తాడు పట్టుకుని కలగంటున్నాడు," అనేవారు రత్నంగారు. నేనూ నవ్వేదాన్ని.

ఒకే పని ఎప్పుడూ ఒకే మనిషి చేతిలో ఉండకూడదని నేను చదివిన పుస్తకాల్లో ఉంది. అందుకని గంట కొట్టే పనిని పన్నెండుమందికి పంచాను. లంకవాళ్ళు ఆలస్యంగా రావడానికి కారణం, మనం ఆలస్యంగా మొదలుపెడతామని వాళ్ళకి తెలియడమే అని కూడా పథకంలో రాశాను. ఎనిమిదికి సరిగ్గా మొదలుపెడితే వాళ్ళే సర్దుకుంటారని నా లెక్క.

తాతగారికి ఈ సంగతి చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు.

"తాతగారూ, ఇక మీరు విశ్రాంతి తీసుకోండి. గంట మేం వంతులవారీగా కొడతాం."

చేతిలో తాడు ఆగింది. "నేనేవన్నా తప్పు చేసేనా అమ్మా?"

"అబ్బే, తప్పేమీ లేదండీ. అందరూ పంచుకోవాలని అయ్యగారు చెప్పారు కదా."

"ఆయ్. పంచుకోవాలి." కొంచెం ఆగి, "మంచు రోజుల్లో మటుకు..." అన్నాడు.

"మంచైనా వానైనా ఎనిమిదికేనండీ. అంతా ఇందులో రాసి ఉంది," అని పట్టీ నకలు చేతికిచ్చాను. చదువు రాని మనిషి చేతికి. ఆయన చెయ్యి తుండుతో తుడుచుకుని కాగితం అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, మడతపెట్టి నాకే ఇచ్చాడు.

"అక్షరాలు బావున్నాయమ్మా," అన్నాడు.

డిసెంబరులో మంచు పెద్దగా పట్టలేదు, ఐదు ఆదివారాలూ గడియారం ముల్లు మీద నడిచాయి. ఎనిమిదికి మొదలై తొమ్మిదిన్నరకి ముగిసేది. రత్నంగారు నన్ను చూసి తల ఊపేవారు. లంక నుంచి నాలుగైదుగురు సగం ఆరాధన అయ్యాక వచ్చి వెనక బల్లల మీద కూర్చుని, చివరి పాట కాకముందే లేచి వెళ్ళిపోయేవారు. అలవాటు పడతారు లెమ్మనుకున్నాను. తాతగారు కూడా వెనక బల్లమీదే కూర్చునేవాడు. ఖాళీగా ఉన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకునేవాడు.

జనవరి మొదటి ఆదివారం వచ్చింది. అయ్యగారు వచ్చే రోజు. లంకలో రత్నకుమారి అనే అమ్మాయి మూడు నెలల పాపకి ఆ రోజు బాప్టిజం. పాప తండ్రి మంగళవారం కువైట్ విమానం ఎక్కాలి. ఈ ఆదివారం తప్పితే రెండేళ్ళదాకా అతను ఉండడు. అందుకే లంక పదకొండు ఇళ్ళ నుంచీ ఎవరో ఒకరు వస్తామని కబురు పంపారు. ఏడాది ఉద్దేశం రెండు నెలల్లోనే తీరబోతోందని అయ్యగారు ఫోన్లో సంబరపడ్డారు. పట్టీ ప్రకారం ఆ రోజు గంట వంతు నాది.

పొద్దున్న ఏడింటికి ముందే ఇంట్లోంచి బయలుదేరాను. ఊరు లేదు. మంచు పట్టిందని కాదు, ఊరినే ఎవరో తీసుకుపోయినట్టుంది. కొబ్బరి చెట్ల మొదళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, పైన తలలు లేవు. ఏటిగట్టు మీద నడుస్తుంటే కుడి పక్క గోదారి ఉండాలి. నీళ్ళు లేవు, అవతలి ఒడ్డు లేదు, తెల్లగా ఒక నిశ్శబ్దం ఉంది. నా చెప్పుల చప్పుడు నాకంటే కొంచెం ముందు నడుస్తున్నట్టు అనిపించింది. ఎదురొచ్చిన పాలమనిషి దగ్గరికొచ్చేదాకా ఒక సైకిల్ గంట మాత్రమే. దాటిపోగానే మళ్ళీ సైకిల్ గంటే అయ్యాడు. అంత అందమైన ఉదయం నేను ఎక్కువసార్లు చూడలేదు. ఆ అందంలో ప్రమాదం ఉందని నాకు తట్టలేదు.

ఏడింటికి మొదటి గంట కొట్టాను. ఏడున్నరకి రెండోది. లంకవాళ్ళు రెండో గంట విని పడవెక్కుతారు. ఎనిమిదికి మూడోది కొట్టి, తాడు స్తంభానికి చుట్టి, లోపలికి వెళ్ళాను.

పాటల జట్టు మైకు ముందు మొదలుపెట్టింది. గుడి కప్పు మీద నాలుగు మూలలా నాలుగు హారన్లు కట్టి ఉన్నాయి. పాట గుడి నిండిపోయింది. అయ్యగారు తెల్లంగీ వేసుకుని బలిపీఠం దగ్గర నిలబడి, లంకవాళ్ళ కోసం వదిలిన బల్లల వైపు మాటిమాటికీ చూస్తున్నారు. అవి ఖాళీగా ఉన్నాయి. బాప్టిజం తొట్టిలో నీళ్ళు పోసి ఉంచాను, పక్కన తెల్ల తువ్వాలు మడతపెట్టి ఉంది. ఎనిమిదీ ఇరవై అయింది.

వెనక బల్ల మీంచి తాతగారు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆరాధన మధ్యలో ఎప్పుడూ లేవని మనిషి. ఒంట్లో బాగోలేదేమోనని వెంట వెళ్ళాను. ఆయన రేవు మెట్ల మీద, నీళ్ళకి ఒక మెట్టు పైన నిలబడి ఉన్నాడు. తల ఒక పక్కకి వంచి ఉంది.

"తాతగారూ, చలిగా ఉంది, లోపలికి..."

"మాట్లాడకమ్మా. విననీ."

నేనూ విన్నాను. నాకు వినబడింది మా పాట ఒక్కటే.

"ఇంజను కిందికి పోతోంది," అన్నాడు. "పాటు లాగేస్తోంది పడవని." పాటు అంటే సముద్రం వైపు నీరు వెనక్కి తీసే వేళ. ఆ వేళలో గోదారి చూడడానికి నిద్రపోతున్నట్టే ఉంటుంది గాని అడుగున బలంగా లాగుతుంది.

"పడవ వస్తోందని మీకెలా..."

నా మాట పూర్తికాకముందే ఆయన మెట్లెక్కాడు. ఆ వయసులో అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. స్తంభానికి చుట్టిన తాడు విప్పి లాగాడు. ఒక్కటే. ఆగాడు. పెదవులు కదిలించుకుంటూ ఊపిరులు లెక్కపెట్టి, మళ్ళీ ఒక్కటి.

లోపల పాట తడబడింది. ముందు రత్నంగారు వచ్చారు. "ఏవిటిది ఇశ్రాయేలూ! ఆరాధన జరుగుతుంటే గంటేవిటి? మతిగాని పోయిందా?"

"పడవ దారి తప్పిందండి మాస్టారూ. ఆ మైకు కట్టేయించండి."

"పాట మధ్యలో మైకు కట్టేయించడం ఏవిటయ్యా, ఆరాధన ఆపడం మన ఆచారంలో లేదు..."

అప్పటికి అయ్యగారు గుమ్మంలో ఉన్నారు. తాతగారి మొహం చూశారు, నా మొహం చూశారు. వెనక్కి తిరిగి చెయ్యెత్తారు. పాట ఆగింది. మైకు ఆగింది. ఆ ఆగడంలో మొదటిసారి నాకు గోదారి వినబడింది, మెట్ల అంచున నాకుతున్న నీళ్ళ చప్పుడు.

"ఆరాధన సగంలో ఆపేసేరండీ," అన్నారు రత్నంగారు, గొంతు తగ్గించి.

"ఆ పడవలో ఉన్నవాళ్ళ కోసమే కదండీ ఈ ఏడాదంతా అనుకున్నాం, మాస్టారూ," అన్నారు అయ్యగారు. తర్వాత తాతగారి దగ్గరికి వెళ్ళి, "నన్నేం చెయ్యమంటారు తాతగారూ?" అని అడిగారు.

"తాడు మీరు పట్టుకోండయ్యగారూ. ఒక్కటే కొట్టండి. నాలుగు ఊపిర్లు తీసి ఇంకోటి. ఎక్కువ కొట్టకండి. నేను కింద వింటాను."

సంఘమంతా గట్టు మీదికి వచ్చింది. ఆదివారం తెల్లబట్టల్లో ఉన్న నూటయాభైమంది ఆ మంచులో నిలబడితే, మంచుకే మొహాలు మొలిచినట్టుంది. పిల్లల్ని తల్లులు కొంగులో పొదువుకున్నారు. అయ్యగారి చేతులు అలిసిపోతే పాటల జట్టులో మేరీ వచ్చి తాడు అందుకుంది. తర్వాత నేను. తర్వాత రత్నంగారు, ఉంగరాల వేళ్ళతో. ఒక్క గంట. నాలుగు ఊపిర్లు. ఒక్క గంట. నేను చదివిన ఏ పుస్తకంలోనూ జట్టు అంటే ఇలా ఉంటుందని లేదు. అందరూ ఒకే దాని కోసం, నోరు మూసుకుని.

తాతగారు కింద మెట్టు మీద ఒక చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. ఎంతసేపో నేను చెప్పలేను. ఆ తెలుపులో కాలం కూడా దారి తప్పింది. అప్పుడప్పుడు ఒక కొంగ ఎక్కడో రెక్కలు కొట్టుకునేది. నూటయాభైమంది గుండెలూ ఒక్కసారి అటు తిరిగేవి. రత్నకుమారి ఒళ్ళో పాప కూడా ఆ పడవలోనే ఉంటుంది.

ఎత్తిన చెయ్యి కొంచెం కదిలింది. "ఇంజను ఆపేడు," అన్నాడు తాతగారు. మళ్ళీ చాలాసేపటికి, "అదుగో, గడతో కొట్టేడు. విన్నాడు."

నాకేం వినబడలేదు. తర్వాతి గంట మోగి ఆగాక మాత్రం, చాలా దూరంలో, కర్ర మీద కర్ర తగిలిన చప్పుడు రెండుసార్లు వచ్చింది. గట్టు మీద ఎవరో వెక్కి ఏడ్చారు.

ఆ తర్వాత గంటకీ కర్రకీ మధ్య మాటలు నడిచాయి. గంట ఒకటి, కర్ర రెండు. ఒక్కోసారి కర్ర చప్పుడు దూరమయ్యేది, తాతగారి భుజాలు కుంగేవి. మళ్ళీ దగ్గరయ్యేది. చివరికి, మేం చూస్తున్న వైపు కాక, బాగా కింది వైపు నుంచి, పసుపు రాసిన పడవ ముక్కు ఒకటి మంచులోంచి బయటికొచ్చింది. తర్వాత గడ పట్టుకున్న పడవవాడు నూకరాజు, తర్వాత ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని కూర్చున్న మనుషులు. పాప, తల్లి ఒళ్ళో నిద్రపోతోంది.

పడవ రేవుకి తగలగానే ముందు దిగింది రత్నకుమారి అత్తగారు సువార్తమ్మ. తడిసిన చీర పిండుకుంటూ పైకి చూసింది.

"ఏవర్రా, మీ గంటకి గొంతు పోయిందా?"

ఎవరూ నవ్వలేకపోయారు. నూకరాజు పడవ కడుతూ అన్నాడు, "మూడు కొట్టి మానేసేరేటండీ? నడి ఏట్లోకి వచ్చేక తర్వాతి గంట కోసం చూస్తన్నానండి. గంట లేదు. మైకు పాటొచ్చింది. నాలుగు పక్కల్నించీ పాటేనండి, ఎటు తిప్పినా గుడి ఎదురుగానే ఉన్నట్టుంది. ఇంకాస్త కిందికి పోతే సుడండి అక్కడ. ఇన్నేళ్ళూ తాతా నేనూ ఇలాగే కదండీ వచ్చేం. ఆయన ఒకటి కొడతాడు, నేను రెండు కొడతాను. పడవ రేవుకి తగిలేదాకా ఆయన తాడు వదలడు."

నూకరాజు మా సంఘం మనిషి కాడు. పడవ ముక్కుకి ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్టు పెడతాడు. నా పట్టీలో ఉన్న ముప్పై రెండు పేర్లలో అతని పేరు లేదు. తాతగారి పేరూ లేదు. లంకవాళ్ళని గుడికి చేర్చే జట్టు ఏదైనా ఉందంటే, పట్టీ పుట్టకముందు నుంచీ వాళ్ళిద్దరిదే.

ఆ తర్వాత మంగళవారం గ్రంథాలయానికి వెళ్ళి శబ్దం గురించిన పుస్తకం తీశాను. చప్పుడు ఎటు నుంచి వచ్చిందో మన రెండు చెవులూ కలిసి తేల్చుకుంటాయనీ, సాగుతూ పోయే శబ్దం కంటే ఠంగున మొదలై ఆగే శబ్దం దిక్కు చప్పున తెలుస్తుందనీ అందులో ఉంది. ఒకే పాట నాలుగు హారన్లలోంచి వస్తే దిక్కు పోవడం సహజం. తాతగారికి అది చదవకుండానే తెలుసు. నాకు తెలుసుకోవడానికి పుస్తకం కావాల్సి వచ్చింది. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆయన చెప్పబోతుంటే కాగితం అడ్డం పెట్టడం మాత్రం సిగ్గుపడాల్సిన విషయమే.

ఆ రోజు పది గంటలకి ఆరాధన మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. బాప్టిజం జరిగింది. నీళ్ళు నెత్తిన పడగానే పాప లేచి, అంతసేపూ పడుకున్నందుకు బదులు తీర్చుకున్నట్టు కేకలు పెట్టింది. ఆరాధన అయ్యాక అయ్యగారు అందర్నీ వసారాలో కూర్చోమన్నారు. నేను లేచి, తప్పు నాదని చెప్పాను. తాతగారు మంచు సంగతి చెప్పబోతే విననిది నేనేనని కూడా చెప్పాను.

"తప్పు సంగతి అలా ఉంచండి టీచరమ్మా," అంది సువార్తమ్మ. "మమ్మల్ని గుడికి రప్పించడానికి మీటింగులు పెట్టుకున్నారంట కదా. ఎన్ని పెట్టేరు?"

"నాలుగండీ," అన్నాను.

"వాటికి మాలో ఎవర్ని పిలిచేరు?"

ఎవర్నీ పిలవలేదని చెప్పాను.

"మేం బద్ధకస్తులమంట కదండీ మాస్టారూ," అంది ఆవిడ, రత్నంగారి వైపు తిరిగి. "తాత గంట కొడుతున్నంతసేపూ మీరు మొహం చిట్లించుకునేవోరు. మేం తడికాళ్ళతో లోపలికొస్తే అందరూ వాచీలు చూసేవోరు. అది పడలేకే కొందరం మానేసేం. అయినా గంట మోగుతుంటే, మా కోసం ఎవరో ఆగేరులే అనుకునేవోళ్ళం. డిసెంబరు నించీ అదీ లేదు. ఇంక ఆగరు కాబోలనుకున్నాం."

రత్నంగారు తల దించుకున్నారు. "నన్ను క్షమించాలమ్మా," అన్నారు. నలభై ఏళ్ళు పిల్లల చేత క్షమాపణలు చెప్పించిన మనిషి. ఆయన నోటి వెంట ఆ మాట వినడం మాకు కొత్త.

గంట తిరిగి తీసుకోమని అయ్యగారు తాతగారిని అడిగారు. తాతగారు ఒప్పుకోలేదు. "చేతులు పోయేయండి. ఇవాళ తెలిసింది. అందరూ పంచుకోవడం మంచిదేనండి. కొట్టేవోళ్ళు కొట్టండి. వినడం మటుకు నేర్చుకోవాలి. అది నేను చెప్తాను." ఆగి, "మాస్టారు మాట్లాడకుండా అరగంట నిలబడగలిగితే ఆయనకే ముందు చెప్తానండి," అన్నాడు. అప్పుడు అందరం నవ్వాం, రత్నంగారు అందరికంటే ఎక్కువ. ఆ చలికాలమంతా ఆయన మఫ్లర్ చుట్టుకుని తాతగారి పక్కన రేవు మెట్టు మీద నిలబడ్డారు.

తర్వాతి సమావేశం లంకలో పెట్టాం. కమిటీ అంతా నూకరాజు పడవలో వెళ్ళింది. పడవలో మనుషుల్ని సర్ది కూర్చోబెట్టింది నూకరాజే గనక, ఆ రోజు సమావేశాన్ని నడిపించిందీ అతనే అన్నారు అయ్యగారు. నడి ఏట్లో వెనక్కి తిరిగి చూస్తే మా గుడి అగ్గిపెట్టె అంత ఉంది. ఇన్నేళ్ళుగా మేం వాళ్ళని చూస్తున్నామే గాని, అక్కణ్ణించి మేమెలా కనిపిస్తామో చూడలేదు.

లంకలో అరటి తోట నీడన చాపలు పరిచారు. ఈసారి నేను గళ్ళు గీసుకుని వెళ్ళలేదు. సువార్తమ్మ పక్కన కూర్చుని, "ఆదివారం గుడికి రావాలంటే మీరేమేం చేస్తారండీ?" అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నిజంగానే అడుగుతున్నానని తేల్చుకుని, మొదలుపెట్టింది. శనివారం సాయంత్రమే చివరింటి చెవిటి ఎలీసమ్మకి సైగలతో చెప్పి రావడం, తెల్లారకముందే పాలు పితికి దూడని పక్కింటికి అప్పజెప్పడం, నడవలేని మామగారిని ఇద్దరు పట్టుకుని ఇసకలో కుర్చీతో మోసుకురావడం, గట్టు ఎక్కేముందు అందరి కాళ్ళూ కడిగించడం. మాట్లాడుతూ ఉండగా ఎండ చాప మీంచి జరిగి వెళ్ళిపోయింది. అదంతా పరిచర్యేనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నా పథకంలో అందులో ఒక్కటీ లేదు.

ఉద్దేశం ఉండాలి. ఆ రోజు ఆరాధన ఆపే ధైర్యం అయ్యగారికి ఇచ్చింది ఆ ఉద్దేశమే. పని పంచుకోవాలి. తాడు ఒకరి తర్వాత ఒకరు అందుకోబట్టే గంట ఆగలేదు. నేను చదివిన పుస్తకాలు ఈ రెండూ నాకు సరిగ్గానే నేర్పాయి. వాటికంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. అది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పుడు పేరిష్‌లో వేరే సంఘానికి నన్ను పంపితే మొదటి కొన్ని నెలలు ఏ పట్టీ గీయను. పెద్దలకి విసుగు తెప్పించే అలవాటు, చూసేవాళ్ళకి అర్థం లేనట్టు కనిపించే అలవాటు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళి, అది చేస్తున్న మనిషి పక్కన కూర్చుంటాను. పెన్ను సంచీలోనే ఉంచి, ఇది ఎవరి కోసం చేస్తున్నారండీ అని అడుగుతాను.